జలుబు ట్యాబ్లెట్ కౌంటర్ వెనకే ఉండనివ్వండి, డాక్టర్ చీటీ మాత్రం అడగొద్దు

ముక్కు మూసుకుపోయి, తల దిమ్మెక్కి, నోటితో గాలి పీల్చుకుంటూ ఇక్కడ అమెరికాలో ఫార్మసీకి వచ్చిన మనిషిని ఐడీ కార్డు తియ్యమంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది. నేను కౌంటర్‌కి ఇవతల నిలబడే ఫార్మసిస్టుని, ఆ కోపం నాకు రోజూ కనిపించేదే, చలికాలం వస్తే ఇంకా ఎక్కువ. "జలుబు మందు అడిగితే దొంగని చూసినట్టు చూస్తారేంటండీ" అంటారు. వాళ్ళు అడిగేది న్యాయమైన ప్రశ్నే. వెనక లైన్లో పదిమంది నిలబడి ఉండగా దానికి సరైన జవాబు చెప్పడం కుదరదు, అందుకే ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. మూసుకుపోయిన ముక్కుని తెరిచే సూడోఎఫెడ్రిన్ అనే మందు ఉన్న ట్యాబ్లెట్లు కౌంటర్ వెనకే ఉండాలి. వాటికి డాక్టర్ చీటీ తప్పనిసరి చెయ్యకూడదు. వాటి బదులు అని చెప్పి పనిచెయ్యని మందుని ముందు షెల్ఫులో పెట్టి అమ్మడం ఆపాలి. ఈ మూడూ వేరే వేరే మాటల్లా కనిపించొచ్చు గానీ నాకు మాత్రం ఒక్కటే, ఆ కౌంటర్ దగ్గర ఇద్దరు మనుషులు ఒక్క నిమిషం మాట్లాడుకోవాలి, రూల్ ఆ నిమిషం కోసం ఉండాలి, అంతకన్నా పెద్ద బరువు దాని నెత్తిన పెడితే అది మొయ్యలేదు.

అసలు ఇన్ని మందులుండగా దీనికే ఎందుకీ గొడవ అంటే దీని పుట్టుకే అలాంటిది. జపాన్ రసాయన శాస్త్రవేత్త నాగాయి నాగయోషి 1885లో ఎఫెడ్రా మొక్క నుంచి ఎఫెడ్రిన్‌ని వేరుచేశాడు, ఆ ఎఫెడ్రిన్ నుంచే 1893లో మెథాంఫెటమిన్ తయారుచేసిందీ ఆయనే. అంటే ఊపిరి ఆడేలా చేసే మందూ, జనం మెత్ అని పిలిచే మత్తుమందూ ఒకే మనిషి చేతిలో ఎనిమిదేళ్ళ తేడాతో వచ్చాయి. సూడోఎఫెడ్రిన్ ఆ ఎఫెడ్రిన్‌కి తోబుట్టువే, రెండిట్లోనూ అవే పరమాణువులు, అమరికలోనే కొద్దిగా తేడా. ముక్కు లోపలి పొరలో వాచిపోయిన రక్తనాళాలని కుదించి దారి తెరుస్తుంది, గంటలోపే తేడా తెలుస్తుంది, నిజంగా పనిచేసే మందు. కానీ ఆ అణువు మెత్‌కి మరీ దగ్గర. హెరాయిన్‌కి ముడిసరుకు పొలంలో ఉంటుంది, కొకెయిన్‌కీ పొలంలోనే, మెత్‌కి మాత్రం ఒక కాలంలో ముడిసరుకు మందుల షాపు షెల్ఫులో, దగ్గు సిరప్పుల పక్కన, ఎవరైనా చెయ్యి చాపి తీసుకునేలా ఉండేది. 1988 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఎఫెడ్రిన్‌నీ సూడోఎఫెడ్రిన్‌నీ నిఘా ఉంచాల్సిన రసాయనాల పట్టికలో పెట్టింది అందుకే.

పెట్టినా చాలాకాలం ఆ నిఘా అంతా టోకు సరుకు మీదే, డ్రమ్ముల్లో వచ్చే పొడి మీదే. రిటైల్‌లో అమ్మే ట్యాబ్లెట్లని చాలావరకు వదిలేశారు, మందే కదా అని. టోకు దారి మూసుకుపోయేసరికి తయారుచేసేవాళ్ళు ట్యాబ్లెట్ పెట్టెల వైపు తిరిగారు, ఇళ్ళల్లో, అద్దె గదుల్లో, కార్ల డిక్కీల్లో ల్యాబులు మొదలయ్యాయి.

ఈ ఇంటి ల్యాబుల సంగతి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ రూల్ పుట్టింది వాటి కోసం, ఆ విషయం ఇప్పుడు అందరూ మర్చిపోయారు. అక్కడ వాడేవన్నీ మండేవీ, పొగ పీలిస్తే ఊపిరితిత్తులు కాల్చేసేవీ. ఒక చిన్న పొరపాటు చాలు, గది మొత్తం అంటుకుంటుంది, ఒళ్ళు కాలిన మనిషి ఆస్పత్రికి వస్తే చర్మం మీదున్న రసాయనాలతో అక్కడున్న నర్సులకీ ఇబ్బందే. గోడలకీ పరుపులకీ కార్పెట్లకీ పట్టిన విషం తర్వాత ఆ ఇంట్లో అద్దెకి దిగిన ఏ పాపం తెలియని కుటుంబానికి అంటుకుంటుంది. అన్నిటికన్నా ఘోరం పిల్లలు, ఆ ఇళ్ళల్లో పిల్లలుండేవాళ్ళు, నేల మీద పాకే వయసు పిల్లలు. మెత్ వాడే మనిషి తన ప్రాణం మీదకి తనే తెచ్చుకున్నాడని అనేవాళ్ళు అనొచ్చు, నేను అననుగానీ అనేవాళ్ళుంటారు, కానీ పక్క గదిలో పడుకున్న పసిపిల్ల ఏం చేసింది?

అమెరికాలో ఇలాంటి ల్యాబులు, వాటి సామాను, వాటి చెత్త పోలీసులకి దొరికిన ఘటనలు 2004లో దాదాపు 24 వేలు. ఆ ఏడాదే ఓక్లహోమా అన్ని రాష్ట్రాలకన్నా ముందు ఈ ట్యాబ్లెట్లని కౌంటర్ వెనక్కి పంపింది. తర్వాత ఇంకా చాలా రాష్ట్రాలు అదే చేశాయి, 2006లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. ఒక మనిషికి రోజుకి 3.6 గ్రాములు, 30 రోజుల్లో 9 గ్రాములకి మించి అమ్మకూడదు, ఐడీ చూడాలి, పేరూ అడ్రసూ రాసుకుని సంతకం తీసుకోవాలి, ఆ రికార్డు రెండేళ్ళు దాచాలి. 2007 కల్లా ఆ 24 వేలు 7 వేల దగ్గరికి పడిపోయాయి. పొడుగ్గా ప్రసంగాలిచ్చి, పోస్టర్లు అంటించి, జైళ్ళు నింపినా రాని తేడా ఇది, ఒక పెట్టెని షెల్ఫు మీంచి తీసి నాలుగడుగులు వెనక్కి పెట్టడంతో వచ్చింది. కాబట్టి ఈ రూల్ అంతా వట్టి డ్రామా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అంటుకోకుండా మిగిలిన ఇళ్ళున్నాయి, కాలకుండా మిగిలిన పిల్లలున్నారు, వాళ్ళ లెక్క ఎక్కడా రాసుండదు అంతే.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2010 నాటికి ఆ సంఖ్య మళ్ళీ 15 వేలు దాటింది. రెండు కారణాలు. కొద్ది ట్యాబ్లెట్లతో ఒక్క ప్లాస్టిక్ సీసాలో చేసే పద్ధతి ఒకటి పాకింది. రెండోది, లిమిట్ మనిషికి కదా, మనుషుల్నే కూలికి పెట్టుకోవడం మొదలుపెట్టారు, ఒక్కొక్కళ్ళకి డబ్బులిచ్చి, ఒక్కో ఫార్మసీకి పంపి, ఒక్కో పెట్టె కొనిపించడం. ప్రతి కొనుగోలూ చట్టం ప్రకారం కరెక్టే, ఐడీ కరెక్టే, లిమిట్ లోపలే. కంప్యూటర్ పచ్చజెండా ఊపుతుంది.

కానీ కౌంటర్ దగ్గరున్న మనిషికి తెలుస్తుంది, దీన్ని నేను చూశాను కాబట్టి చెప్తున్నా. ఒకతను వచ్చాడు, బ్రాండ్ పేరూ, ఎన్ని మిల్లీగ్రాములదీ, ఎన్ని ట్యాబ్లెట్ల పెట్టో గడగడా చెప్పాడు, ముక్కులో ఏ ఇబ్బందీ లేదు, గొంతు ఖంగుమంటోంది. "ఎవరికండీ మందు?" అంటే "నాకే" అన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి ఉంది? రాత్రి నిద్ర పడుతోందా?" అంటే జవాబు కోసం తలుపు వైపు చూశాడు, తలుపు అవతల ఒక కారు, కార్లో ఇంకో ముగ్గురు. అతను వెళ్ళిన కాసేపటికి రెండో మనిషి వచ్చి అక్షరం పొల్లుపోకుండా అదే పెట్టె అడిగాడు. నేను ఇవ్వలేదు. "ఈ మందు మీకు సరిపోతుందని నాకు నమ్మకం కలగట్లేదండీ, ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇస్తాను తీసుకోండి" అన్నాను, అతను స్ప్రే వద్దని వెళ్ళిపోయాడు. గొడవ లేదు, పోలీసుల్లేరు, అరెస్టుల్లేవు. ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో ఆ ఇద్దరి పేర్ల పక్కన ఏ తప్పూ కనిపించదు, పట్టించింది మాత్రం "నిద్ర పడుతోందా" అనే మామూలు ప్రశ్న.

ఇంకో రోజు దీనికి పూర్తిగా తిరగబడింది. ఒకావిడ వచ్చింది, ఇంట్లో నలుగురికీ పడిశం పట్టుకుంది, తనకీ ఉంది, మాట్లాడుతుంటేనే తెలుస్తోంది. వారం కిందట భర్త కోసం ఒక పెద్ద పెట్టె కొంది, ఇప్పుడు కూతురికీ తనకీ కావాలి. స్క్రీన్ మీద లిమిట్ దాటింది, అమ్మడానికి వీల్లేదు అని ఎర్ర అక్షరాలు. నాకు ఆవిడ పరిస్థితి తెలుసు, నమ్మకమూ ఉంది, అయినా నా చేతిలో ఏమీ లేదు. మందు ఎంతమంది మింగుతారో ఆ లెక్కకి అక్కర్లేదు, ఎవరు కొన్నారన్నదే దానికి కావాలి. ఒంటరిగా ఉండే మనిషికి 9 గ్రాములు నెలకి పైనే సరిపోతాయి, రోజుకి గరిష్ఠ డోసు 240 మిల్లీగ్రాములే కాబట్టి. ఇంటిల్లిపాదికీ ఒక్కరే మందులు కొనే ఇంట్లో, చాలా ఇళ్ళల్లో కొనేది ఒక్కరే, ఆ ఒక్కరి పేరు మీద లెక్క ఇట్టే నిండిపోతుంది. 2009లో ఇండియానా రాష్ట్రంలో ఒక పెద్దావిడ భర్తకి ఒక పెట్టె, కూతురికి ఒక పెట్టె, వారం తిరక్కుండా కొన్నందుకు ఆవిణ్ణి అరెస్టు చేశారు, మనవలున్న మనిషిని. అక్కడి లిమిట్ వారానికి 3 గ్రాములు, ఆవిడ దాన్ని దాటింది, చట్టం ప్రకారం అంతవరకే చూశారు. ఆవిడ మెత్ తయారుచేస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా.

ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. దొంగకొనుగోలుకి కంప్యూటర్ ఔనంది, నిజమైన రోగికి కాదంది. లిమిట్ ఉండకూడదని నేను అనట్లేదు, లిమిట్ లేకపోతే పెట్టెలు పెట్టెలు ఎత్తుకుపోతారు, ఆ రోజులు చూసినవాళ్ళున్నారు. కానీ లిమిట్‌ని కాస్త దాటి ఇచ్చే వీలు, లిమిట్ లోపలున్నా ఇవ్వననే వీలు, రెండూ ఫార్మసిస్టు చేతిలో ఉండాలి, కారణం రాసి సంతకం పెట్టి బాధ్యత తీసుకునేలా. మాకు చదువు చెప్పిందీ లైసెన్సు ఇచ్చిందీ ఆ నిర్ణయాలు తీసుకోమనే కదా.

ఇక చీటీ సంగతి. 2010 నాటి ఆ పెరుగుదల చూసి చాలామంది "కౌంటర్ వెనక పెట్టినా ఆగలేదు, డాక్టర్ ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకుండా చేస్తే పీడా పోతుంది" అన్నారు. ఆ ఆలోచన కొత్తదేం కాదు, ఓరెగన్ రాష్ట్రం 2006లోనే చేసింది, మిసిసిపీ 2010లో చేసింది, న్యూజిలాండ్ 2011లో దేశం మొత్తానికీ చేసింది. ఓరెగన్‌లో ఇంటి ల్యాబులు దాదాపు కనుమరుగైన మాట నిజం, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. అయితే చుట్టుపక్కల చీటీ అడగని రాష్ట్రాల్లో కూడా అవే ఏళ్ళల్లో ల్యాబులు బాగా తగ్గాయి, కాబట్టి ఆ తగ్గుదలంతా చీటీ పుణ్యమే అనడం కుదరదు. పైగా ల్యాబులు తగ్గాయిగానీ మెత్ తగ్గలేదు, బయట నుంచి వస్తూనే ఉంది, ఇంకా చవగ్గా, ఇంకా ఘాటుగా. చివరికి ఓరెగన్, మిసిసిపీ రెండూ ఒకేసారి, 2022 జనవరి 1 నుంచి, చీటీ రూల్ ఎత్తేశాయి. న్యూజిలాండ్ 2024లో మళ్ళీ ఫార్మసీల్లో చీటీ లేకుండా అమ్మనిచ్చింది. చేసి చూసినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు, వేరేచోట్ల ఇంకా దాన్నే కొత్త మందులా ప్రచారం చేసేవాళ్ళు ముందు ఇది చూడాలి.

చీటీ అంటే ఊరికే ఒక కాగితం అనుకునేవాళ్ళకి దాని వెనకున్న ఖర్చు కనిపించదు. మూడు రోజుల్లో తగ్గే జలుబుకి డాక్టర్ అపాయింట్‌మెంట్ నాలుగో రోజుకి దొరుకుతుంది. ఆ పూట పనికి సెలవు పెట్టాలి, సెలవు అంటే జీతం కోతపడే మనుషులు చాలామంది, వాళ్ళు వెళ్ళరు, మూసుకుపోయిన ముక్కుతోనే మెషీన్ మీదో స్టీరింగ్ ముందో కూచుంటారు. డాక్టర్ దగ్గర ఆ కుర్చీలో జలుబు మనిషి కూచున్నంతసేపూ ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళు బయట ఆగాలి. డబ్బూ టైమూ ఉన్నవాళ్ళకి చీటీ అడ్డమే కాదు, లేనివాళ్ళకే అది గోడ. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, కొందరు చేసే తప్పుకి జబ్బుపడ్డ జనం మొత్తాన్ని డాక్టర్ల గుమ్మాల చుట్టూ తిప్పడం నాకు ఏ రకంగానూ న్యాయంగా అనిపించదు.

"మరి మెత్‌ని ఎలా ఆపుతారు" అని అడుగుతారు. ఫార్మసీ కౌంటర్‌తో ఆపలేం, అది ఒప్పుకుంటేనే మిగతా మాటలు నిజాయితీగా మాట్లాడుకోగలం. ఇద్దరు ఆర్థికవేత్తలు, కార్లోస్ డాబ్కిన్, నాన్సీ నికోసియా, 2009లో ఒక పరిశోధన పత్రం వేశారు, దాన్ని ఈ విషయం మీద మాట్లాడే ప్రతివాళ్ళూ చదవాలి. 1995లో అమెరికా అధికారులు మెత్ ముడిసరుకు సరఫరా చేస్తున్న రెండు పెద్ద కంపెనీలని మూయించారు. ఒకటీ రెండూ పెట్టెలు కాదు, మొత్తం సరఫరాలో సగానికి పైగా ఒక్క దెబ్బకి పోయింది. మెత్ ధర మూడింతలైంది, స్వచ్ఛత 90 శాతం నుంచి 20కి పడింది, ఆస్పత్రుల్లో దాని కేసులు సగానికి సగం తగ్గాయి. ఇంతకన్నా గొప్పగా ఏ దెబ్బా తగల్లేదు. నాలుగు నెలల్లో ధర మళ్ళీ పాత చోటికి వచ్చేసింది, ఏడాదిన్నరలో స్వచ్ఛతా ఆస్పత్రి కేసులూ దాదాపు ఎక్కడివక్కడికి చేరాయి. అంతటి దెబ్బే ఏడాదిన్నరలో మానిపోతే, జలుబు మనిషి దగ్గర చీటీ అడిగి సాధించేది ఎంత?

ఇలాంటిదే యూరప్‌లోనూ జరిగింది, చెక్ రిపబ్లిక్ 2009లో ఈ ట్యాబ్లెట్ల అమ్మకం బిగిస్తే తయారీదారులు పక్కనున్న పోలండ్ ఫార్మసీలకి వెళ్ళి కొనుక్కొచ్చారు. మెక్సికోది ఇంకా పెద్ద కథ. 2007 మార్చిలో మెక్సికో సిటీలో ఒక మందుల దిగుమతి వ్యాపారి ఇంట్లో 20 కోట్ల డాలర్లకి పైగా నోట్ల కట్టలు దొరికాయి, మెత్ ముడిసరుకు టన్నులకొద్దీ తెప్పించాడన్నది ఆయన మీద ఆరోపణ. 2008 నాటికి ఆ దేశం సూడోఎఫెడ్రిన్‌ని దాదాపు పూర్తిగా నిషేధించింది. దాంతో అక్కడి ముఠాలు అసలు సూడోఎఫెడ్రిన్ అవసరమే లేని వేరే రసాయన దారికి మారిపోయాయి, ఇప్పుడు అమెరికాలో పట్టుబడే మెత్ దాదాపు అంతా ఆ దారిలో వచ్చిందే, స్వచ్ఛత 90 శాతం పైమాటే. మెత్ లాంటి, ఒంట్లో హుషారు రెచ్చగొట్టే మత్తుమందుల వల్ల, అందులో ఎక్కువభాగం మెత్‌దే, అమెరికాలో చనిపోయినవాళ్ళు 2012లో 2,600 దగ్గర ఉంటే 2022లో 34 వేలు, చాలామందిలో ఫెంటనిల్ అనే ఇంకో బలమైన మత్తుమందు కూడా కలిసి ఉంది. ఆ పదేళ్ళూ జలుబు ట్యాబ్లెట్లు కౌంటర్ వెనకే ఉన్నాయి, ఐడీలు చూస్తూనే ఉన్నాం, సంతకాలు పెట్టిస్తూనే ఉన్నాం. ఆ చావుల్లో ఎన్నో అసలు ఏ జలుబు ట్యాబ్లెట్‌తోనూ సంబంధం లేని సరుకుతో వచ్చినవి.

అందుకే ఈ రూల్ దేనికి పనికొస్తుందో దానికే వాడాలంటున్నా. ఇంటి ల్యాబుల్ని ఆపడానికి ఇది పనికొచ్చింది. మత్తుకి అలవాటుపడ్డవాళ్ళని కాపాడాలంటే వైద్యం కావాలి, అడిగిన రోజే చేర్చుకునే చికిత్సా కేంద్రాలు కావాలి, వాటికి డబ్బు పెట్టకుండా కౌంటర్ మీద రూల్ బిగించి చేతులు దులుపుకుంటే ఓట్లకి పనికొస్తుందేమోగానీ మనుషులకి పనికిరాదు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయానికి వస్తా. 2006 చట్టం వచ్చేసరికి మందుల కంపెనీలకి ఒక సమస్య వచ్చింది, కౌంటర్ వెనక్కి పోయిన సరుకు అమ్మకం పడిపోతుంది. ముందు షెల్ఫులోనే ఉండాలంటే సూడోఎఫెడ్రిన్ తీసేసి ఇంకేదైనా పెట్టాలి. ఫినైలెఫ్రిన్ అనే మందు పెట్టారు. పేరు దాదాపు అదే, పెట్టె రంగు అదే, చివర "పీఈ" అని రెండక్షరాలు చేర్చారు. సుడాఫెడ్ అనే పేరున్న జలుబు ట్యాబ్లెట్ అడిగిన మనిషి సుడాఫెడ్ పీఈ చేతిలో పట్టుకుని ఇంటికి పోయాడు, లోపలున్న మందు మారిందని చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఆ ఫినైలెఫ్రిన్ ముక్కులో చుక్కలుగా వేస్తే పనిచేస్తుంది. నోటితో మింగితే పేగుల్లోనూ కాలేయంలోనూ దాదాపు మొత్తం విరిగిపోతుంది, పనిచేసే రూపంలో రక్తంలోకి చేరేది ఒక్క శాతం లోపే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఫార్మసీ ఆచార్యులు లెస్లీ హెండెలెస్, రాండీ హాటన్ 2007 నుంచీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి అర్జీలు పెడుతూనే ఉన్నారు, ఇది పనిచెయ్యట్లేదు మొర్రో అని. 2023 సెప్టెంబర్‌లో ఎఫ్‌డీఏ సలహా సంఘంలో ఓటింగ్ పెడితే 16 మందికి 16 మందీ మింగే ఫినైలెఫ్రిన్ పనిచేస్తుందని రుజువు లేదన్నారు. 2024 నవంబర్‌లో దాన్ని చీటీ లేకుండా అమ్మదగ్గ మందుల జాబితా నుంచి తీసేస్తామని ఎఫ్‌డీఏ ప్రతిపాదన పెట్టింది. ఈ లోపల ఒక్క 2022లోనే అమెరికాలో ఫినైలెఫ్రిన్ ఉన్న జలుబు మందులు దాదాపు 180 కోట్ల డాలర్లవి అమ్ముడయ్యాయి.

పదిహేడేళ్ళ పాటు జబ్బుపడ్డ జనం ఒక పనిచెయ్యని మందుని డబ్బు పెట్టి కొనుక్కున్నారు, ఎందుకు, పనిచేసే మందు కౌంటర్ వెనక ఉంది, అడగాలంటే ఐడీ తియ్యాలి, లైన్లో నిలబడాలి, అనుమానంగా చూస్తారేమో అన్న బెరుకు. ఈ నష్టం ఏ ప్రభుత్వ నివేదికలోనూ చట్టం ఖర్చు కింద రాయలేదు. నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాలంటే ఒక మందుకి దుష్ప్రభావం ఉంటే పెట్టె మీద రాయాలి, చట్టానికి దుష్ప్రభావం ఉంటే దాన్నీ రాయాలి. చట్టం చేసినవాళ్ళు జనం ఈ మందుకి మళ్ళుతారని ఊహించలేదంటే ఒప్పుకోవచ్చు, 2007లో అర్జీ వచ్చాక కూడా కదలకపోవడాన్ని మాత్రం ఎలా ఒప్పుకోవాలి? "ముందున్నది తీసుకోండి, రెండూ ఒకటే" అని ఎంతమంది కౌంటర్ సిబ్బంది చెప్పి ఉంటారో, పని తొందరలో, లైన్ తగ్గించుకోడానికి. రెండూ ఒకటి కాదు.

కౌంటర్ వెనక పెట్టడం వద్దేవద్దు, షెల్ఫులోకి తెచ్చెయ్యండి అనే స్నేహితులూ నాకున్నారు. వాళ్ళ వాదన చిన్నదేం కాదు, ఎలాగూ మెత్ ముఠాలు వేరే దారికి పోయాయి కదా, ఇక ఈ కాపలా ఎవరి కోసం అంటారు. నా జవాబు రెండు భాగాలు. సరుకు మళ్ళీ షెల్ఫులో విచ్చలవిడిగా పెడితే ఇంటి ల్యాబులు తిరిగి రావని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ విద్య ఎక్కడికీ పోలేదు. రెండోది నాకు ఇంకా ముఖ్యం, ఇది మందు, మిఠాయి కాదు. బీపీ అదుపులో లేనివాళ్ళకి సూడోఎఫెడ్రిన్ మంచిది కాదు, గుండె జబ్బున్నవాళ్ళకి కాదు, కొన్ని డిప్రెషన్ మందులు వాడేవాళ్ళకి అసలే కాదు. యూరప్ మందుల సంస్థ 2023లో దీన్ని మళ్ళీ పరిశీలించి, మెదడు రక్తనాళాల మీద అరుదుగా వచ్చే తీవ్రమైన ప్రభావాల వల్ల బీపీ బాగా ఎక్కువున్నవాళ్ళూ, మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్ళూ వాడకూడదని హెచ్చరికలు పెంచింది. ఫ్రాన్స్ 2024 డిసెంబర్ నుంచి ఏకంగా చీటీయే అడుగుతోంది, మత్తుమందు భయంతో కాదు, ఈ కారణంతోనే. ఫ్రాన్స్ అంత దూరం పోవడం అవసరం లేదని నేననుకుంటా, ఎందుకంటే "బీపీ ఉందా అండీ, ఇంకేం మందులు వాడుతున్నారు" అని అడగడానికి కౌంటర్ చాలు, ఆ ప్రశ్నతో స్ప్రేకో ఉప్పునీటి చుక్కలకో మళ్ళించిన మనుషులు నాకు ఎందరో ఉన్నారు, వాళ్ళలో ఏ ఒక్కరికీ తాము అవమానపడ్డామని అనిపించలేదు, అడిగే తీరు అలాంటిది.

రికార్డు గురించి కూడా చెప్పాలి, దీని మీద జనానికున్న భయం నాకు అర్థమవుతుంది. జలుబొచ్చినప్పుడల్లా నా పేరు పోలీసులు చూడగలిగే జాబితాలో చేరడమేంటి అంటే అది సరైన అభ్యంతరమే. రెండేళ్ళు దాచాల్సిన పని లేదు, నెల లెక్క చూడ్డానికి నెల రికార్డు చాలు, ఆ తర్వాత చెరిపెయ్యాలి, పోలీసులకి కావాలంటే కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఐడీ లేనివాళ్ళు, ఐడీ గడువు తీరిపోయిన పెద్దవాళ్ళు, కొత్తగా వలస వచ్చినవాళ్ళు, వాళ్ళకి రెండు రోజులకి సరిపడా చిన్న పెట్టె ఐడీ లేకుండా ఇచ్చే వీలుండాలి, అంత చిన్న సరుకుతో ల్యాబు నడవదు.

ఇవి కాక ఇంకో రెండు కావాలి. ఈ రూల్‌కి ఐదేళ్ళ గడువు పెట్టాలి, గడువు తీరేటప్పుడు ఎన్ని ల్యాబులు తగ్గాయి, ఎంతమంది రోగుల్ని తిప్పి పంపాం, రెండూ ఒకే కాగితం మీద చూసి కొనసాగించాలో సడలించాలో తేల్చాలి. రెండోది మా పని సంగతి. ఒక మనిషితో ఆ నిమిషం మాట్లాడమని చట్టం చెప్తుంది, పై నుంచి వచ్చే టార్గెట్లు మాత్రం గంటకి ఎన్ని బిల్లులు కొట్టావు అని లెక్కపెడతాయి, పక్కన వ్యాక్సిన్ కోసం ఒకరు, ఫోన్‌లో ఒకరు, డ్రైవ్ త్రూలో ఒకరు, అలాంటప్పుడు మొదట ఎగిరిపోయేది "నిద్ర పడుతోందా" అనే ప్రశ్నే, మిగిలేది ఐడీ స్కానింగే. కౌంటర్ వెనక అమ్మే ఏ మందుకైనా ఆ సంప్రదింపుకి ఫార్మసీకి డబ్బు కట్టించండి, ఒక షిఫ్టుకి కనీసం ఇంతమంది ఉండాలని రూల్లో రాయండి, ల్యాబుకి పోయే పెట్టెల్ని మేము ఇంకా బాగా ఆపగలం, జలుబుతో వచ్చినవాళ్ళకి పనిచేసే మందే ఇచ్చి పంపగలం.